సీఏ 125 రిపోర్టు చేతికొస్తే... మా యాడి రిపోర్టు నుంచి తెలుసుకున్నది

 

కొంచెం పొడుగు పోస్టు. ఇప్పుడు ఓపిక లేకుంటే సేవ్ చేసి పెట్టుకోండ్రి, ఎప్పుడో ఒకనాడు పనికొస్తది. పోయిన నెల మన గ్రూపుల ఇద్దరు ఒకే రకం బ్లడ్ రిపోర్టు ఫోటో పెట్టి "ఇది క్యాన్సరేనా?" అని అడిగిన్రు. ఒకరిది వాళ్ల అమ్మ రిపోర్టు, ఇంకొకరిది వాళ్ల వదిన రిపోర్టు. కింద కామెంట్లల్ల సగం మంది "ధైర్యంగా ఉండు తమ్మీ" అన్నరు, సగం మంది "లేట్ చేయకుండ ఆపరేషన్ చేయించుండ్రి" అన్నరు. అందరూ మంచి మనసుతోనే అన్నరు. కానీ ఆ కాగితం ఏం చెప్తది, ఏం చెప్పదు అన్నది ఎవరూ రాయలే. అసొంటి కాగితమే ఈ ఏడాది మా ఇంటికి కూడా వచ్చింది. అందుకే రాస్తున్న.

నేను సిద్దిపేటల హాస్టల్ల ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న. మాది అక్కన్నపేట మండలం దిక్కు ఒక తండా. మా ఇంట్ల కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. డాక్టర్ను కాను, నర్సును కూడా కాను. ఇక్కడ రాసేది వైద్యం కాదు. డాక్టర్ ముందు కూసున్నప్పుడు మనం ఏం అడగాల్నో తెలిస్తే చాలని రాస్తున్న.

ముందు మా ఇంటి సంగతి

మా యాడికి 43 ఏళ్లు. దసరా తర్వాత నుంచి కడుపు ఉబ్బరం అంటుండె. రెండు బుక్కలు తినంగనే కడుపు నిండినట్టు అయితదని పళ్లెం పక్కకు పెట్టేది. పత్తి ఏరే రోజులు కదా, పని వత్తిడి అనుకున్నరు. ఊరి ఆర్ఎంపీ గ్యాస్ గోలీలు ఇచ్చిండు. సంక్రాంతికి నేను ఇంటికి పోయేసరికి చేతులు, మెడ సన్నబడ్డయి గానీ కడుపు మాత్రం ఐదో నెల లెక్క ఉంది. చీర కుచ్చిళ్లు నిలవట్లేదని నవ్వుకుంట చెప్పింది.

ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకపోయినం. పేరు రాయను, పేరుతోని పని లేదు. స్కానింగ్ తీసిన్రు. కడుపుల నీరు ఉంది, రెండు దిక్కుల అండాశయాలు ఉబ్బి ఉన్నయన్నరు. తొమ్మిది వందలు కట్టిచ్చుకొని ఒక రక్తపరీక్ష రాసిన్రు. సాయంత్రం రిపోర్టు వచ్చింది. సీఏ 125: 318. పక్కన ఉండాల్సింది: 35 లోపు. 318 ని లావు అక్షరాలల్ల కొట్టి పక్కన బాణం గుర్తు పెట్టిన్రు.

డాక్టర్ ఐదు నిమిషాలు మాట్లాడిండు. "అండాశయ క్యాన్సర్ లెక్కనే ఉంది. ఈ వారంలనే గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేయాలె. లక్షా ఇరవై వేలు అయితది" అన్నడు. బాపు ఏం మాట్లాడలే. బస్ స్టాండ్ కాడికి వచ్చినంక ఒకటే మాట అన్నడు: "ఇరవై గుంటలు కుదువ పెడదాం." మాకున్నది మొత్తం ఎకరం పది గుంటలు.

ఆ రాత్రి మా హాస్టల్ సీనియర్ అక్కకు ఫోన్ చేసిన. ఆమె ఇప్పుడు స్టాఫ్ నర్సు. రిపోర్టులు వాట్సాప్ చేస్తే చూసి ఒక్కటే అడిగింది: "కడుపులకెల్లి నీరు తీసి టెస్టుకు పంపిన్రా? ముక్క పరీక్ష చేసిన్రా?" రెండూ చేయలే. "అయితే క్యాన్సర్ అని ఇంకా ఎవరికీ తెల్వదు. నంబర్ చూసి ఎవ్వరూ క్యాన్సర్ అని చెప్పలేరు. ఆలస్యం చేయకు, ఆగం కూడా కాకు. పెద్ద దవాఖానకు పోండ్రి" అన్నది. ఈ పోస్టుల నేను చెప్పేదంతా ఆ మాటల్లనే ఉంది. మిగిలింది దానికి వివరం.

ఇంతకీ ఈ సీఏ 125 ఏంది?

మన కడుపు లోపల పేగులు, గర్భసంచి, అండాశయాలు అన్నిటి మీద ఒక సన్నటి పొర ఉంటది. ఊపిరితిత్తుల చుట్టూ, గుండె చుట్టూ కూడా అసొంటి పొరలే ఉంటయి. ఈ పొరల మీద, గర్భసంచి లోపలి గోడల కూడా, జిగురు లెక్క ఒక పెద్ద ప్రొటీన్ ఉంటది. సైన్సుల దాన్ని ఎంయూసీ 16 అంటరు. అది తడిగ, జారుడుగ ఉంచే ప్రొటీన్. అందరికీ ఉంటది, మొగోళ్లకు కూడా. ఆ పొరకు ఏదన్న ఇబ్బంది అయినప్పుడు, అంటే వాపు వచ్చినా, చీము పట్టినా, నీరు చేరినా, గడ్డ పెరిగినా, ఆ ప్రొటీన్ ముక్కలు ఊడి రక్తంల కలుస్తయి. వాటిని కొలిచేదే సీఏ 125 పరీక్ష.

నిప్పు లేనిదే పొగ రాదు అంటరు మన పెద్దలు. నిజమే. కానీ దూరం నుంచి పొగ చూసి అక్కడ పొయ్యి మండుతుందా, గట్టు మీద చెత్త కాలుతుందా, ఇల్లే కాలుతుందా చెప్పలేం. దగ్గరికి పోయి చూడాలె. 318 అన్నది పొగ. పోయి చూడుమని చెప్తది, అంతవరకే.

ఈ పరీక్ష పుట్టింది అమెరికాలోని బోస్టన్‌ల. రాబర్ట్ బాస్ట్, రాబర్ట్ న్యాప్ అనే డాక్టర్లు వాళ్ల టీంతోని 1981 ల ఒక యాంటీబాడీ తయారు చేసిన్రు. అండాశయ క్యాన్సర్ కణాలను పట్టుకునే యాంటీబాడీ కోసం ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంట పోతే 125 వది పని చేసిందట, ఆ నంబరే పేరైంది. మనం యాంటిజెన్, యాంటీబాడీ అని పరీక్షకు బట్టీ పడతం కదా, అదే లెక్క. తాళానికి తాళంచెవి లెక్క ఒక్క దానికే అతుక్కుంటది.

మరి ఆ 35 ఎక్కడిది? 1983 ల వాళ్లు అచ్చేసిన పరిశోధనది. 888 మంది ఆరోగ్యవంతుల రక్తం చూస్తే నూటికి ఒక్కరికే 35 దాటింది. ఆపరేషన్‌ల అండాశయ క్యాన్సర్ అని తేలిన 101 మందిల 83 మందికి దాటింది. అందుకే 35 దగ్గర గీత గీసిన్రు. అంతేగానీ 34 అయితే బతుకు, 36 అయితే చావు అని కాదు. అదే పరిశోధనల ఇంకో సంగతి ఉంది. క్యాన్సర్ లేకుండ వేరే మామూలు జబ్బులున్న 143 మందిల కూడా నూటికి ఆరుగురికి 35 దాటింది. 101 మంది క్యాన్సర్ పేషెంట్లల్ల 18 మందికి దాటనే లేదు. అంటే ఈ పరీక్ష రెండు దిక్కులా తప్పిపోగలదని మొదటి రోజు నుంచే తెలుసు.

క్యాన్సర్ లేకుండనే ఎప్పుడు పెరుగుతది?

నెలసరి రోజులల్ల పెరగొచ్చు. గర్భం మొదటి నెలలల్ల పెరగొచ్చు. గర్భసంచి లోపలి పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బుల పెరుగుతది. నెలసరప్పుడు విపరీతమైన నొప్పితోని పడుకునే మన అక్కచెల్లెళ్లల్ల కొందరికి ఇది ఉంటది. గర్భసంచిల ఫైబ్రాయిడ్ గడ్డలుంటే, పొత్తికడుపుల ఇన్ఫెక్షన్ ఉంటే, కాలేయం పాడై కడుపుల నీరు చేరితే, గుండె బలహీనపడి ఒంట్ల నీరు చేరితే కూడా పెరుగుతది. మన దేశంల ముఖ్యంగ గుర్తుపెట్టుకోవాల్సింది కడుపు టీబీ. టీబీ అంటే దగ్గు, ఊపిరితిత్తులే అనుకుంటం. కడుపు పొరకు కూడా వస్తది. అప్పుడు కడుపు ఉబ్బుతది, నీరు చేరుతది, మనిషి చిక్కిపోతది, స్కానింగ్‌ల అండాశయాలు ఉబ్బినట్టు కనపడొచ్చు, సీఏ 125 వందలల్ల, ఒక్కోసారి వెయ్యి దాటి కూడా వస్తది. పై నుంచి చూస్తే అచ్చం అండాశయ క్యాన్సరే.

నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లల్ల మాత్రం నంబర్ పెరిగితే ఎక్కువ సీరియస్‌గ తీసుకుంటరు. ఎందుకంటే నెలసరి, గర్భం, ఎండోమెట్రియోసిస్ అసొంటి కారణాలు అప్పటికి చాలా వరకు పోతయి. అందుకే డాక్టర్ మొదలు వయసు, నెలసరి గురించి అడుగుతరు. ఆ ప్రశ్నకు సిగ్గుపడొద్దు.

నార్మల్ వస్తే క్యాన్సర్ లేనట్టేనా?

కాదు. ఇది మొదటి దానికన్నా ప్రమాదం. అండాశయ క్యాన్సర్ మొదటి దశల ఉన్నప్పుడు దాదాపు సగం మందికి ఈ నంబర్ 35 దాటదు. కొన్ని రకాల అండాశయ గడ్డలు ముదిరినా పెద్దగ పెంచవు. మనిషికి బాధ ఉండి, నంబర్ నార్మల్ వస్తే, ఆ బాధకు కారణం ఇంకా వెతకాలె. "నార్మల్" అన్న మాట కాగితానికి, మనిషికి కాదు.

ఇంగ్లాండ్‌ల 2011 ల డాక్టర్లకు ఒక సూచన ఇచ్చిన్రు. ఆడవాళ్లకు, ముఖ్యంగ 50 దాటినోళ్లకు, కడుపు ఉబ్బరం, కొంచెం తినంగనే నిండినట్టు ఉండుడు, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రం వచ్చుడు, ఇవి నెలకు 12 సార్లకన్నా ఎక్కువ ఉంటే సీఏ 125 చేయాలె, 35 కు వస్తే స్కానింగ్ చేయాలె అని. మళ్లీ చదువుండ్రి ఆ లక్షణాలు. మన తండాలల్ల, గూడేలల్ల ఏ ఆడమనిషిని అడిగినా "గ్యాస్" అని చెప్పేవే అన్నీ. సినిమా నటి మనీషా కోయిరాలా, నాగార్జునతోని క్రిమినల్‌ల చేసిన ఆమె, ఆమెకు 2012 ల అండాశయ క్యాన్సర్ అని తేలింది. న్యూయార్క్‌ల ట్రీట్‌మెంట్ చేయించుకొని బతికి 2018 ల దాని మీద పుస్తకం కూడా రాసింది. డబ్బున్నోళ్లకైనా, లేనోళ్లకైనా ఈ జబ్బు కడుపుల మెల్లగ, చప్పుడు లేకుండ వస్తది.

అట్లయితే అందరం చేయించుకుంటే అయిపోతది కదా?

నాకూ ఇదే అనిపించింది. హాస్టల్ల అందరం తలా వెయ్యి వేసుకొని అమ్మలకు చేయిద్దామా అని ఫ్రెండ్స్ అన్నరు. ఒక లెక్క వేసి చూపించిన. మన దేశంల లక్ష మంది ఆడవాళ్లల్ల ఏడాదికి కొత్తగ అండాశయ క్యాన్సర్ వచ్చేది పది మంది లోపే. ఆరోగ్యంగ ఉన్నోళ్లల్ల నూటికి ఒక్కరికి ఊరికెనే నంబర్ పెరుగుతదనుకుందాం. లక్షకు వెయ్యి మంది. పది మందిని పట్టుకోవాలని వెయ్యి మందిని భయపెడతం. ఆ పది మందిల కూడా కొందరు తప్పిపోతరు.

ఇది ఉత్త లెక్క కాదు, చేసి చూసిన్రు. అమెరికాల 78 వేల మంది ఆడవాళ్ల మీద చేసి 2011 ల ఫలితం చెప్పిన్రు: ఏటా సీఏ 125, స్కానింగ్ చేసినా అండాశయ క్యాన్సర్ చావులు తగ్గలే. పైగా 3,285 మందికి క్యాన్సర్ లేకున్నా ఉన్నట్టు వచ్చింది, వాళ్లల్ల 1,080 మందికి ఆపరేషన్ అయింది, అందుల 163 మందికి ఆపరేషన్ వల్ల పెద్ద ఇబ్బందులొచ్చినయి. బ్రిటన్‌ల రెండు లక్షల మంది మీద ఏండ్ల తరబడి చేసి 2021 ల చెప్పిందీ అదే, చావులు తగ్గలే. అందుకే ఏ బాధా లేని మామూలు ఆడవాళ్లకు ఈ పరీక్ష చేయించుమని చెప్పరు. మన దేశంల సర్కారు 30 దాటినోళ్లకు చేసే స్క్రీనింగ్‌ల నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్లు ఉన్నయి. అండాశయం అందుల లేదు. మన తెలంగాణల 2023 మార్చి 8 న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారం నడుస్తయి. తలా వెయ్యి వేసుకునే బదులు అమ్మలను అక్కడికి తీసుకపోతే రొమ్ము, ముఖద్వారం పరీక్షలు పైసా లేకుండ అయితయి.

ఒక్క మినహాయింపు: ఇంట్ల అమ్మకు, అక్కకు, చిన్నమ్మకు రొమ్ము క్యాన్సరో, అండాశయ క్యాన్సరో ఉంటే సంగతి వేరు. బీఆర్‌సీఏ అనే జీన్లల్ల మార్పు ఉంటే ఈ రెండు క్యాన్సర్లూ ఎక్కువ వస్తయి. నటి హంసానందిని తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, బీఆర్‌సీఏ 1 మార్పు ఉందని 2021 డిసెంబర్‌ల బయటికి చెప్పింది. ఆమె తల్లి కూడా రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. అసొంటి కుటుంబాలు దాచిపెట్టకుండ డాక్టర్‌కు చెప్పాలె.

హైదరాబాద్‌ల ఏం జరిగింది

రెండు రోజులల్ల రెడ్‌హిల్స్ ల ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానకు పోయినం. 1955 నుంచి ఉన్న సర్కారు దవాఖాన అది. బస్సుల యాడికి, నాకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, బాపుకు ఒక్కనికే పైసలు.

అక్కడ డాక్టరమ్మ ముందు ప్రశ్నలడిగింది. యాడికి తెలుగు వస్తది, కానీ దవాఖానల అన్నిటికి "మంచిగనే ఉంది" అంటది. బాపును చాయ్ తాగి రమ్మని బయటికి పంపి, ఒక్కొక్క ప్రశ్న మన బోలీల అడిగిన. అప్పుడు బయటపడ్డయి. రెండు నెలలుగ సాయంత్రం అయితే ఒళ్లు వెచ్చబడుతుందట. రాత్రి చెమటలట. నెలసరి రెండు నెలల నుంచి రాలేదట. "ఇంట్ల ఎవరికన్నా టీబీ ఉండెనా?" అని డాక్టరమ్మ అడిగింది. మా తాతకు రెండేండ్ల కింద ఉండె, మందులు వాడి తగ్గింది. ఈ ముచ్చట మొదటి దవాఖానల ఎవరూ అడగలే, యాడి చెప్పలే.

డాక్టరమ్మ ఒక కాగితం మీద లెక్క వేసి నాకు చూపించింది. సీఏ 125 ను, స్కానింగ్‌కు ఇచ్చే మార్కును, నెలసరికి ఇచ్చే మార్కును గుణిస్తరు. స్కానింగ్‌ల అనుమానాలు రెండో అంతకన్నా ఎక్కువో ఉంటే 3 మార్కులు. నెలసరి ఆగిపోకుంటే 1, ఆగిపోతే 3. మా యాడికి 318 ని 3 తోని, 1 తోని గుణిస్తే 954. 200 దాటితే క్యాన్సర్ సర్జన్ దగ్గరికి పంపాలె. 1990 నుంచి వాడుతున్న లెక్క ఇది. "అంటే క్యాన్సరేనా మేడం?" అంటే, "కాదమ్మా. ఎవరు చూడాలె అన్నది ఈ లెక్క చెప్తది. ఏముంది అన్నది ముక్క చెప్తది" అన్నది. ఇక్కడ న్యాయంగ ఒక మాట రాయాలె. మొదటి డాక్టర్ అనుమానం తప్పు కాదు. 954 వచ్చిన మనిషిని ఎవరైనా అనుమానించాల్సిందే. అనుమానానికి, కత్తికి నడుమ ఉండాల్సిన మెట్టు ఎక్కకుండ డబ్బుల దగ్గరికి వచ్చుడే మాకు గుచ్చుకుంది.

కడుపుల నీరు సూదితోని తీసి పంపిన్రు. అందుల క్యాన్సర్ కణాలు కనపడలే, టీబీల పెరిగే ఏడీఏ అనేది ఎక్కువ వచ్చింది. తర్వాత స్కానింగ్ చూసుకుంట కడుపు లోపలి కొవ్వు పొర నుంచి చిన్న ముక్క తీసిన్రు. అండాశయం గడ్డనే నేరుగ సూదితోని పొడవరట, లోపల ఉన్నది కడుపంతా పడొచ్చని. కొందరికి ఆపరేషన్ చేసి తీసి చూస్తేనే తెలుస్తదట. అప్పుడు ఆపరేషన్ సరైనదే, కానీ క్యాన్సర్ సర్జరీ తెలిసిన సర్జన్ చేతుల కావాలె.

పదకొండు రోజులకు ముక్క రిపోర్టు వచ్చింది. టీబీ.

ఆ పదకొండు రోజులు బాపు గుంటలు కుదువ పెట్టకుండ ఆగుడు ఎంత కష్టమైందో నేను చూసిన. ఊళ్లె అందరూ "పైసలకు చూసి పెండ్లాన్ని చంపుకుంటవా" అన్నరు. ఆగుడు కూడా ఒక పనే అని వాళ్లకు ఎట్ల చెప్పాలె?

యాడిది ఇప్పుడు ఐదో నెల మందులు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. అన్నీ ఫ్రీ. ఆశా అక్క ఇంటికే తెచ్చి ఇస్తుంది. తిండికని నెలకు వెయ్యి రూపాయలు ఖాతాల పడతయి. 38 కిలోలున్న మనిషి మొన్న 45 తూగింది. గర్భసంచి, అండాశయాలు ఎక్కడివి అక్కడ ఉన్నయి.

వరండాల కలిసిన ఇద్దరు

అందరి కథ మా లెక్క అయితదని అనుకోవద్దు. అందుకే ఈ ఇద్దరి గురించి కూడా రాస్తున్న.

దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చిన ఒకామె, మా యాడి ఈడుదే. మన బోలీల మాట్లాడుకుంట కూసున్నరు ఇద్దరు. ఆమెకు మొదలు చేసిన సీఏ 125 ల వచ్చింది 31. నార్మల్ అని ఇంటికి పంపిన్రట. ఎక్కడ అన్నది అడగలే. నాలుగు నెలలు గ్యాస్ గోలీలు మింగింది. తేలింది అండాశయ క్యాన్సర్. మా యాడి 318 తోని టీబీ, ఆమె 31 తోని క్యాన్సర్. ఒకే బెంచీ మీద.

ఇంకొకామె పెద్ద మనిషి, అరవై దాటినట్టుంది. ఆపరేషన్ అయి కీమోల ఉంది. చిన్న నోటు బుక్కుల మనుమడు నంబర్లు రాసిపెట్టిండు: 1,140, తర్వాత 402, తర్వాత 97. ఈ పరీక్ష గట్టిగ పని చేసేది ఇక్కడనే. క్యాన్సర్ అని తేలిన మనిషికి మందు పని చేస్తుందా లేదా చూసేందుకు. 1983 పరిశోధనల కూడా జబ్బు పెరిగినా తగ్గినా నంబర్ దాని వెంబడే నడిచింది, 45 సార్లల్ల 42 సార్లు. అందుకే ఒకే ల్యాబుల చేయించుకుంట పోవాలె, మిషన్ మారితే నంబర్ మారొచ్చు. ఒక్క నంబర్ కన్నా వరుసగ వచ్చే నంబర్ల నడక ముఖ్యం. 97 చూసి ఆమె మాకు బిస్కెట్లు పంచింది. ఇంకా మూడు కీమోలు ఉన్నయని మనుమడు చెప్పిండు.

మన ఆడవాళ్ల గర్భసంచుల ముచ్చట

ఇది రాయకుంటే పోస్టు సగమే అయితది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లల్ల గర్భసంచి తీసేసినోళ్లు దేశంల నూటికి 3 మంది దాకా ఉంటే, ఆంధ్రప్రదేశ్‌ల, తెలంగాణల నూటికి 8 మందికి పైన ఉన్నరు. మన తండాల లెక్క మీకే తెలుసు. మా వాడల ముప్పై ఐదు దాటకముందే "సంచి తీయించుకున్న" వాళ్లు నా వేళ్లకు సరిపోరు. చాలా మందికి చెప్పిన మాట ఒకటే: "తీయకుంటే క్యాన్సర్ అయితది." అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు దాకా కేసు పోయింది. 2023 ఏప్రిల్‌ల కోర్టు అన్ని రాష్ట్రాలనూ దీని మీద మార్గదర్శకాలు అమలు చేయమన్నది. క్యాన్సర్ అన్న మాట వింటే మన దగ్గర పొలం, ఎడ్లు, పుస్తెలు అన్నీ కదులుతయి. లావు అక్షరాల నంబర్ చేతిల ఉంటే ఆ మాట ఇంకా తేలిక అయితది. కాబట్టి ఆ నంబర్ అర్థం తెలిసిన పిల్ల ఒక్కరన్న ప్రతి ఇంట్ల ఉండాలె.

రిపోర్టు చేతిల ఉంటే అడగాల్సినవి

1. రక్తం ఇచ్చిన రోజు నెలసరిల ఉండెనా? గర్భం ఉండొచ్చా? ఉంటే డాక్టర్‌కు చెప్పుండ్రి.
2. స్కానింగ్ ఏం చెప్తుంది? నంబర్ ఒక్కటే పట్టుకొని మాట్లాడొద్దు.
3. కడుపుల నీరు ఉంటే, తీసి పరీక్షకు పంపిన్రా? టీబీ చూసిన్రా?
4. ముక్క పరీక్ష కుదురుతదా? కుదరకుంటే ఎందుకు కుదరదు?
5. ఆపరేషన్ తప్పదంటే, చేసేది క్యాన్సర్ సర్జనేనా?
6. ఆరోగ్యశ్రీల అయితదా? 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంల పది లక్షల దాకా ఉంది. క్యాన్సర్ ఆపరేషన్, కీమో అందుల వస్తయి. ఇరవై గుంటల కన్నా ముందు ఈ ప్రశ్న.
7. అన్ని రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు మన చేతికి ఇవ్వుమని అడగండ్రి. అవి మనయి.

రెండో డాక్టర్ దగ్గరికి పోవుడు మొదటి డాక్టర్‌ను అవమానించుడు కాదు. కానీ "రెండో మాట" పేరు మీద నెలలు గడపొద్దు. వారం, పది రోజులల్ల పెద్ద దవాఖానల ఉండాలె. చెట్ల మందు, పసరు అని అసలే ఆగొద్దు. మా యాడికి ఆగుడు మంచిదైంది అంటే పరీక్షలు నడుస్తుండంగ ఆగినం కాబట్టి, ఇంట్ల కూసోని కాదు.

ఆఖరుగ ఒక పని. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నవా" అని అడుగుతం కదా. దాని తర్వాత ఇంకోటి అడగండ్రి: "ఎంత తిన్నవు? కడుపు ఉబ్బరం ఉంటుందా? ఎన్ని రోజుల నుంచి?" మగపిల్లలు కూడా అడగండ్రి, సిగ్గేం లేదు. "మంచిగనే ఉన్న" అంటరు మన అమ్మలు. మన బోలీల, మన గోండిల, మన కోయల ఇంకోసారి అడగండ్రి. రెండోసారి అడిగినప్పుడే చెప్తరు.

రిపోర్టు ఉండి అర్థం కానోళ్లు పేరు, ఊరు, ఫోన్ నంబర్ కనపడకుండ కొట్టేసి ఫోటో పెట్టుండ్రి. మన గ్రూపుల నర్సు అక్కలు, ల్యాబ్ టెక్నీషియన్ అన్నలు ఉన్నరు. ఎక్కడికి పోవాల్నో దారి చెప్తరు.